నాలుగేళ్ల చదువు, యాభై రెండు సెకన్ల రీలు

2025 డిసెంబరు 15, సోమవారం నాడు హైదరాబాదులోని ఒక యానిమేషన్ స్టూడియోలో ట్రెయినీ యానిమేటరుగా చేరాను. ఈ చదువు కోసం ఇల్లు విడిచి అప్పటికి నాలుగేళ్ల నెలన్నర అయింది. అందులో చివరి ఏడు నెలలు చేతిలో పట్టా ఉండి కూడా పని లేక గడిచినవే. ఎప్పుడు ఏం జరిగింది, దేనికి ఎంత ఖర్చయింది, ఎక్కడ ఎన్నాళ్లు ఎదురుచూడవలసి వచ్చింది అనేది నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. కాలేజీ కరపత్రాల్లో ఉండేది వేరు, జరిగేది వేరు. ఇప్పుడు ఇంటర్ చదువుతూ బొమ్మలు వేసుకుంటున్న పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ పనికొస్తుందని గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను.

మాది రాజమహేంద్రవరం. నాన్న ఆర్టీసీలో కండక్టరు. అమ్మ వీధి గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఊళ్లో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది కాబట్టి, పెన్సిలు పట్టడం వచ్చిన దగ్గర్నుంచీ అక్కడికి వెళ్లి ఆ బొమ్మల ముందు నిలబడడం అలవాటైంది. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో, కన్నుమూసిన మనిషి అన్ని బొమ్మలు ఎలా వేశాడా అని చిన్నప్పుడు ఆశ్చర్యపోయేదాన్ని. ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా ఎన్.ఐ.డి. (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ప్రవేశ పరీక్ష ప్రిలిమ్స్ రాశాను, ఎంపిక కాలేదు. అందంగా గీయడం ఒక్కటే సాధన చేసుకుని వెళ్లాను, వాళ్లు అడిగినదేమో చుట్టూ ఉన్నదాన్ని ఎంత పరిశీలించావు, దాన్ని ఎలా ఆలోచించావు అని. మన రాష్ట్రంలోని ఎన్.ఐ.డి.లో డిగ్రీ స్థాయిలో యానిమేషన్ విభాగం లేదనీ, అది అహ్మదాబాదు ప్రాంగణంలో ఉందనీ నాకు తెలిసింది కూడా దరఖాస్తు నింపుతున్నప్పుడే. ఆ ఏడాది, 2021 జూన్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ పరీక్షలు రద్దయ్యాయి. పరీక్షే లేకుండా పాసై, ఏ దారిలో వెళ్లాలో తేలక, ఆ వేసవంతా అమ్మ పక్కన కూర్చుని హెమ్మింగు చేస్తూ గడిపాను.

హైదరాబాదు శివార్లలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల యానిమేషన్ డిగ్రీకి సెప్టెంబరులో సీటు వచ్చింది. ఏడాదికి ఫీజు లక్షా అరవై వేలు. ఆరు లక్షల విద్యారుణానికి సెప్టెంబరు 6న దరఖాస్తు పెడితే, మంజూరు ఉత్తరం చేతికి వచ్చేసరికి అక్టోబరు 27 అయింది. ఆ ఏడు వారాల్లో నాన్న డ్యూటీ దిగాక యూనిఫాం మార్చుకోకుండానే పదకొండుసార్లు బ్యాంకుకు తిరిగారు. నాలుగు లక్షల వరకైతే హామీ అవసరం ఉండదు, అది దాటితే మూడో మనిషి హామీ సంతకం కావాలి, ఐదు శాతం మనం పెట్టుకోవాలి. ఈ సంగతి మాకు మూడోసారి వెళ్లినప్పుడు గానీ తెలియలేదు. పెదమావయ్య వచ్చి సంతకం పెట్టాడు. బ్యాంకులో నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. ఇది చదివితే ఏ ఉద్యోగం వస్తుంది? ఇంజనీరింగు చదివే పిల్లను ఆ ప్రశ్న ఎవరూ అడగరు. కాలేజీ వాళ్లు ఇచ్చిన కాగితం చూపించాను గానీ, అందులో రాసినది నాకే నమ్మకంగా అనిపించలేదు. నేను హాస్టల్లో అడుగుపెట్టింది 2021 నవంబరు 1న.

చేరే ముందే ఎనభై రెండు వేలు పోసి గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ కొన్నాం. అది మేము చేసిన మొదటి పొరపాటు. మొదటి ఏడాదంతా దానితో పనే పడలేదు. ఎనిమిది నెలల పాటు మా చేతుల్లో ఉన్నవి కాగితం, పెన్సిలు, కింది కాగితం మీది బొమ్మ పైకి కనబడేలా లోపల దీపం ఉండే లైట్‌బాక్సు, కాగితాలు కదలకుండా పట్టి ఉంచే పెగ్‌బారు, అంతే. త్రీడీ పని మొదలయ్యే మూడో ఏడాదికి ఆ ల్యాప్‌టాప్ పాతబడింది, వారంటీ కూడా తీరిపోయింది. అందుకే ఇప్పుడు నన్ను అడిగిన ప్రతి ఒక్కరికీ మొదటి ఏడు పెన్సిళ్లకూ కాగితాలకూ డబ్బు దాచుకోమని, కంప్యూటరు రెండో ఏడు చివర కొనుక్కోమని చెబుతున్నాను. లైట్‌బాక్సు కూడా కొననక్కర్లేదు. వడ్రంగి చేత చెక్కపెట్టె చేయించి, పైన పాలగాజు వేయించి, లోపల ఎల్‌ఈడీ పట్టీ అతికిస్తే నాకు పదకొండు వందలకు వచ్చింది.

మొదటి సెమిస్టరులో రోజుకు నలభై బొమ్మలు గీయాలి. ఒక్కో బొమ్మకు ముప్ఫై సెకన్లే సమయం. దాన్ని జెశ్చర్ డ్రాయింగు అంటారు. ముక్కూ చెవీ కుదిరాయా అని ఎవరూ చూడరు, మనిషి ఒళ్లంతా ఒక్క గీతలో పడిందా లేదా అన్నదే చూస్తారు. నాంపల్లి స్టేషనులో, సిటీ బస్సులో, గుడి మెట్ల దగ్గర గీశాం. స్టేషనులో కూర్చుని గీస్తుంటే పోలీసులు వచ్చి ఏం చేస్తున్నారని అడిగారు. ఆ తర్వాత విభాగం ముద్ర వేసిన ఉత్తరం సంచిలో పెట్టుకుని గానీ బయలుదేరేవాళ్లం కాదు. నెహ్రూ జంతుప్రదర్శనశాలకు సోమవారం సెలవని, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవని, రెండుచోట్లా గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చాక తెలుసుకున్నాం. ఏనుగు నాలుగు కాళ్లలో ఏది ముందు లేస్తుందో చూడడానికి ఒక పూటంతా పట్టింది. అమ్మ మిషను పక్కన పెరిగినదాన్ని కాబట్టి గుడ్డ ముడతలు నాకు తెలుసనే అనుకునేదాన్ని. సాలార్‌జంగ్‌లో ఉన్న, ముసుగు వేసుకున్న రెబెక్కా శిల్పం ముందు రెండు గంటలు కూర్చున్నాక, గుడ్డ ఎలా పడుతుందో చెప్పేది గుడ్డ కాదు, దాని కింద ఉన్న నుదురూ ముక్కూ భుజమూ అని మొదటిసారి అర్థమైంది.

ఆ తర్వాత బంతి మొదలైంది. యానిమేషన్ చదివే ఎవరికైనా మొదటి పాఠం ఎగిరిపడే బంతే. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు. వినడానికి చాలా తేలిక. నేను మొదటి బంతిని పందొమ్మిదిసార్లు గీశాను. ప్రతిసారీ మా మాస్టారు చూసి ఒకటే మాట అనేవారు, "బాగుందమ్మా, కానీ బరువు లేదు." క్రికెట్ బంతి గీశానని నేననుకుంటే, తెర మీద అది సబ్బునీటి బుడగలా దిగేది. ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలియక హాస్టలు గదిలో ఏడ్చిన రాత్రులు ఉన్నాయి. నాకంటే బాగా గీయలేని పిల్ల ఒకమ్మాయి బంతి మూడోసారికే ఒప్పుకున్నారు. గీత వేరు, కదలిక వేరు అనే సంగతి మింగుడుపడడానికి నాకు ఆ సెమిస్టరంతా పట్టింది.

దారి దొరికింది మళ్లీ సాలార్‌జంగ్‌లోనే. అక్కడి గడియారంలో గంటగంటకూ ఒక చిన్న గడ్డం బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి వెళుతుంది. పన్నెండు గంటలకు జనం బెంచీల మీద కిక్కిరిసి చూస్తారు. నేను చూసింది దాన్ని కాదు, పక్కన సెకనుకోసారి సుత్తి దెబ్బ వేసే కమ్మరి బొమ్మను. సుత్తి పైకి లేచే తీరూ కిందికి దిగే తీరూ నా కంటికి ఒకేలా కనిపించాయి. అందుకే అది బొమ్మ. మా వీధి చివర కొలిమి దగ్గర నిజం కమ్మరి సుత్తిని నెమ్మదిగా లేపి, పైన ఒక క్షణం ఆపి, కిందికి మాత్రం కంటికి ఆననంత వేగంగా దింపుతాడు. నా బంతి కూడా ఆ బొమ్మలాగే లేస్తోంది, దిగుతోంది. పైన ఉన్నప్పుడు బొమ్మలు దగ్గర దగ్గరగా, నేలకు దగ్గరయ్యే కొద్దీ దూరం దూరంగా ఉండాలని క్లాసులో విన్నదే, రాసుకున్నదే. అది కంటికి కనబడింది మాత్రం ఆ రోజు, 2022 మార్చిలో. ఇరవయ్యో బంతిని ఒప్పుకున్నారు.

రెండో ఏడాది మనిషి నడక, ఆ తర్వాత బరువెత్తే మనిషి. ఈ భాగం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా ఉద్యోగం చివరికి దీని దగ్గరకే వచ్చి ఆగింది. ఒక మనిషి మూట ఎత్తి, నాలుగడుగులు వేసి దించాలి, అదీ అభ్యాసం. నేను హాస్టలు గదిలో అద్దం ముందు నిలబడి, దిండు ఎత్తి దించి, దాన్ని చూసి గీశాను. దిండుకు బరువేముంటుంది? మాస్టారు చూసి, "నువ్వు ఎత్తింది దిండు కదూ" అని అడిగారు. సిగ్గేసింది. ఆ వారం నుంచి నేనూ మరో స్నేహితురాలూ నాలుగు తెల్లవారుజాములు మలక్‌పేట మార్కెట్టుకు వెళ్లాం.

ఉల్లిగడ్డల లారీ దిగుతోంది. హమాలీలు మూటకు కొక్కెం వేసి లాగుతున్నారు. తలకు తుండుగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన వెనక్కి తిరిగి వంగి నిలబడితే, లారీ మీద ఉన్న ఇద్దరు మూటను ఆయన వీపు మీదికి జార్చారు. మూట తగిలిన క్షణాన ఆయన మోకాళ్లు మరికాస్త వంగి, మళ్లీ సగం దాకా లేచి ఆగాయి. నేను మొదట గీసిన మనిషి, మూట తగిలినా మోకాళ్లు కదలకుండా స్తంభంలా నిలబడ్డాడు. అడుగులు చిన్నవి, పాదం మొత్తం ఒకేసారి నేల మీద పడుతుంది. మెడ అసలు ఊగదు, ఊగేదంతా నడుమే. నేను గీస్తూ ఉంటే ఆయనే వచ్చి కాగితం వంక చూశాడు. "చేతులు గీస్తున్నవేంది బిడ్డా? మూట చేతులతోని లేస్తదా? నడుము చూడాలె, కాళ్లు చూడాలె" అన్నాడు. మాస్టారు మూడు వారాలుగా చెబుతున్నదీ అదే. కానీ అరవై కిలోల మూట మోసి వచ్చి, చెమట తుడుచుకుంటూ చెప్పిన మాట వేరు. "ఇంకోసారి మోయి తాతా, చూస్తాను" అనడానికి నాకు నోరు రాలేదు. ఆయనే నవ్వి, "లారీ నిండ ఉన్నయి, చూస్కో" అన్నాడు.

నాలుగో రోజున ఇంకొకటి చూశాను. మూటను దిమ్మె మీదికి వదిలేశాక ఆయన వెంటనే నిటారుగా నిలబడలేదు. ఒళ్లు తనంతట తాను పైకి లేచినట్టయి, కాళ్లు తడబడినట్టుగా మూడడుగులు చకచకా ముందుకు పడ్డాయి, ఆ తర్వాత గానీ నడుము మీద చెయ్యి వేసుకోలేదు. నా బొమ్మలో మూట దిగగానే షాటు అయిపోయింది. అసలు మూట ఎంత బరువో తెలిసేది అది దిగిపోయాకనే. నేను ఆ మూడడుగులు కలిపి మళ్లీ గీసి చూపించినప్పుడు మాస్టారు ఏమీ అనలేదు, రెండుసార్లు వెనక్కి తిప్పి చూశారు. ఒక చిన్న సాంకేతిక సంగతి కూడా చెప్పాలి. ఫోనులో తీసిన వీడియో సెకనుకు 30 ఫ్రేములతో వస్తుంది, మనం పనిచేసేది 24తో. ఫోనులో లెక్కపెట్టిన ఫ్రేములను నేను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కించేసరికి కదలికంతా నీళ్లలో నడిచినట్టు మందగించింది. కెమెరా అమరికలోనే 24కు మార్చుకుంటే ఈ తిప్పలు ఉండవు.

మూడో ఏడాది గురించి చెప్పుకోదగ్గది తక్కువ. మాయా, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్లు, రిగ్గింగు (పాత్ర కదిలేలా లోపల ఎముకల గూడు అమర్చడం), లైటింగు అన్నీ కొద్దికొద్దిగా చెప్పారు. ఏదో ఒకటి ఎంచుకోమని చివర్లో అన్నారు, నేను పాత్రల కదలికను ఎంచుకున్నాను. 2024 వేసవిలో రెండు నెలలు ఒక చిన్న స్టూడియోలో జీతం లేని ఇంటర్న్‌షిప్ చేశాను. రోజంతా రోటో పని, అంటే సినిమా షాటులో మనిషి అంచు వెంబడి ఫ్రేము ఫ్రేముకూ గీత గీయడం. ఆరో వారానికి కుడి మణికట్టు వాచింది. డాక్టరు మూడు వారాలు పెన్ను పట్టవద్దన్నారు, ఆ మూడు వారాల్లో పరీక్షలు కూడా వచ్చాయి. స్కానింగు, మందులు, పట్టీ కలిపి నాలుగు వేల ఎనిమిది వందలు అయింది. పెన్ ట్యాబ్లెట్ బల్ల మీద ఎంత ఎత్తులో ఉండాలి, ముప్ఫై నిమిషాలకోసారి ఎందుకు లేవాలి అన్న మాటలు క్లాసులో ఎవరూ చెప్పరు. ఈ వృత్తిలో చెయ్యి పాడైతే మిగిలేది ఏమీ లేదు కాబట్టి, ఇది మొదటి ఏడాదే చెప్పవలసిన పాఠమని నా అభిప్రాయం.

నాలుగో ఏడాది అంతా డిగ్రీ చిత్రం. సంక్రాంతి ముందు రోజు అర్ధరాత్రి దాకా జాకెట్లు కుడుతున్న ఒక తల్లి కథ నాది, నిడివి రెండు నిమిషాల నలభై సెకన్లు. స్టోరీబోర్డు (కథను వరుస బొమ్మలుగా గీయడం), యానిమాటిక్ (ఆ బొమ్మలను నిడివి ప్రకారం కూర్చిన వీడియో) 2024 సెప్టెంబరు చివరికి అయ్యాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బ్లెండర్‌లో కదలికలు. మిషను తొక్కే పాదం కోసం దసరా సెలవుల్లో ఇంటికి వెళ్లి అమ్మ కాళ్లను వీడియో తీసుకున్నాను, మిషను చప్పుడు కూడా అక్కడే రికార్డు చేశాను. "నా మొహం తియ్యవే, కాళ్లేం తీస్తావు" అంది అమ్మ.

2025 ఫిబ్రవరి చివరి వారం మా తరగతిలో ఎవరూ మరిచిపోలేరు. బెంగళూరు, ముంబయిలలో వేలమందికి పని ఇచ్చిన టెక్నికలర్ అనే యానిమేషన్, సినిమా గ్రాఫిక్స్ సంస్థ మూతపడిందన్న వార్త వచ్చింది. మాకంటే ముందు చదివిన ఇద్దరు అక్కడే పనిచేస్తున్నారు. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా ఉద్యోగాల కోసం బయటికి వస్తే, రేపు పట్టా పుచ్చుకునే మమ్మల్ని ఎవరు తీసుకుంటారని ఆ రాత్రి హాస్టల్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. తర్వాతి సోమవారం పొద్దున, మార్చి 3న, లాట్వియా నుంచి వచ్చిన 'ఫ్లో' అనే చిత్రానికి ఆస్కార్ వచ్చింది. అది పెద్ద స్టూడియో సినిమా కాదు, దాన్ని తయారుచేసింది నేను వాడుతున్న ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లోనే. ఆ వార్త చూసి నేను క్యాంటీనులో లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. వారం తిరగక ముందే అంత భయమూ అంత ధైర్యమూ ఈ వృత్తిలోనే చూశాను.

చిత్రానికి అసలు పరీక్ష రెండరింగు దగ్గర, అంటే కంప్యూటరు ఒక్కో ఫ్రేమునూ పూర్తి బొమ్మగా తయారుచేసే దగ్గర, వచ్చింది. నూట అరవై సెకన్లు అంటే 3,840 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు ఆరు నిమిషాల చొప్పున లెక్కవేస్తే 384 గంటలు, అంటే ఒక్క కంప్యూటరు మీద రాత్రింబవళ్లు నడిపినా పదహారు రోజులు. ఈ గుణకారం నేను అక్టోబరులోనే చేసుకుని ఉండవలసింది. ల్యాబులో ఐదు కంప్యూటర్లు రాత్రిపూట వాడుకోవడానికి అనుమతి తీసుకున్నాను. మార్చి 29 శనివారం సాయంత్రం ఆ ఐదు కంప్యూటర్లలోనూ రెండర్ పెట్టి గదికి వెళ్లాను. ఆదివారం ఉగాది, సోమవారం రంజాన్. సెలవులు కదా అని ల్యాబు సిబ్బంది మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి వెళ్లిపోయారు. మంగళవారం పొద్దున తలుపు తీసేదాకా మాకు తెలియదు. నేను ఫ్రేము ఫ్రేమునూ విడి బొమ్మగా దాచుకునేలా పెట్టాను కాబట్టి, అయినంతవరకూ అయినవి మిగిలాయి, ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. నా పక్క బల్ల అబ్బాయి నేరుగా వీడియో ఫైలుగా పెట్టాడు. ఫైలు సగంలో తెగిపోవడంతో అతనికి ఒక్క ఫ్రేము కూడా దక్కలేదు. అతని మొహం చూడలేకపోయాం. మిగిలిన మూడు వారాల్లో మా బ్యాచి వాళ్లమంతా మా ల్యాప్‌టాప్‌లు అతనికి రాత్రుళ్లు ఇచ్చాం. ఏప్రిల్ 21న జ్యూరీ, అంటే మా చిత్రాలు చూసి తేల్చే చివరి పరీక్ష, జరిగింది. సౌండు మిక్సింగుకు ఎనిమిది వేలు, హార్డ్ డిస్కులకూ మిగతా వాటికీ కలిపి, చిత్రానికి నాకైన ఖర్చు ఇరవై ఒక్క వేల నాలుగు వందలు.

ఇక ఉద్యోగం వేట. ఏప్రిల్ 28న మొదటి దరఖాస్తు పంపాను, డిసెంబరు 2న నియామక పత్రం వచ్చింది. మధ్యలో నలభై ఏడు దరఖాస్తులు. తొమ్మిది చోట్ల నుంచే జవాబు వచ్చింది, మిగతా ముప్ఫై ఎనిమిదింటి సంగతి ఇప్పటికీ తెలియదు. ఎక్కడా నా మార్కులు అడగలేదు. అడిగింది ఒక్కటే, రీలు. మన పనిలో మంచివాటిని ఏరి కూర్చిన చిన్న వీడియో అది. నా మొదటి రీలు రెండు నిమిషాల పది సెకన్లు. అందులో బంతి, లోలకం, నడక, డిగ్రీ చిత్రంలో సగం, మోడలింగు (త్రీడీలో పాత్రల, వస్తువుల ఆకారం మలచడం), లైటింగు అన్నీ ఉన్నాయి. నేర్చుకున్నదంతా చూపించాలని నా ఆశ.

జూన్‌లో ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోను వచ్చింది. డెబ్బై ఐదు వేలు కట్టి మూడు నెలలు శిక్షణ తీసుకుంటే ఉద్యోగం ఖాయమన్నారు. నాన్న పీఎఫ్ నుంచి తీస్తానన్నారు. పనిచేసే చోటు ఒకసారి చూపించమని అడిగాను. రెండుసార్లు తేదీ ఇచ్చి రెండుసార్లూ మార్చారు. నాకు నమ్మకం కుదరలేదని చెబితే నాన్న, "నీకెలా తోస్తే అలా చెయ్యి తల్లీ" అన్నారు, ఇంకేమీ అనలేదు. ఆ డబ్బు పోనందుకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. జూలైలో ఇంకో చోట రోటో ఉద్యోగం వచ్చింది, జీతం పదకొండు వేలు. రెండేళ్ల బాండు రాయాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంచాలి. నాలుగు రోజులు ఆలోచించి వద్దన్నాను. రోటో పని చిన్నదని కాదు, అక్కడ మొదలుపెట్టి ఎదిగినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. సర్టిఫికెట్లు ఇంకొకరి బీరువాలో పెట్టి పనిచేయడం నాకు మనసొప్పలేదు. కానీ వద్దన్న మర్నాటి నుంచి ప్రతి రోజూ తప్పు చేశానేమోనన్న బెంగ మాత్రం పోలేదు.

ఆ నెలల్లో హాస్టలు వదిలి మరో ముగ్గురితో కలిసి గది తీసుకున్నాను. నా వాటా నాలుగు వేల ఐదు వందలు. ఆ అద్దె కట్టింది వాట్సాప్ పెళ్లిపత్రికలు. వధూవరుల బొమ్మలు కదిలేలా ముప్ఫై సెకన్ల వీడియో చేసి ఇస్తే రెండు వేల ఐదు వందలు ఇచ్చేవారు. శ్రావణమాసంలో ముహూర్తాలు ఉండడంతో ఆ నెలలోనే ఆరు వచ్చాయి, మొత్తం మీద పదకొండు చేశాను. దీన్ని తక్కువ పనిగా చూసే స్నేహితులున్నారు. గడువు లోపల పని ఇవ్వడం, పెళ్లికొడుకు మేనత్త చెప్పిన మార్పు కూడా విసుక్కోకుండా చేయడం నాకు అక్కడే అలవాటైంది.

ఆగస్టులో ఒక స్టూడియో పరీక్ష పెట్టింది. ఆరు సెకన్ల షాటు, ఐదు రోజుల గడువు, డబ్బేమీ ఇవ్వరు. పంపాక ఇరవై మూడు రోజులకు కుదరదని జవాబు వచ్చింది. కారణం చెప్పమని వేడుకుంటే ఒక్క వాక్యం రాశారు. పాత్ర కదులుతోంది గానీ ఆలోచించడం లేదని. బాధపడ్డాను, కానీ నాలుగేళ్లలో నాకు దొరికిన మంచి మాటల్లో అదొకటి. కారణం తప్పకుండా అడగండి. పదిమందిలో ఒకరు చెబుతారు.

సెప్టెంబరు చివర్లో, మాకు మూడేళ్లు సీనియరైన ఒక అక్కకు నా రీలు పంపాను. ఫిబ్రవరిలో ఉద్యోగం పోయిన ఇద్దరిలో ఆవిడ ఒకరు, అప్పటికి ఆవిడకూ ఇంకా పని దొరకలేదు. అయినా గంటన్నర సేపు ఫోనులో నా రీలు షాటు షాటుకూ ఆపి చూసింది. "ఇది చూసేవాళ్ల బల్ల మీద ఇలాంటివి రెండు వందలు ఉంటాయి. మొదటి ఐదు సెకన్లలో నువ్వు ఏం చేయగలవో కనబడాలి. బంతి తీసెయ్, మోడలింగు తీసెయ్, లైటింగు తీసెయ్. ఆ మూట మోసే ముసలాయన ఎక్కడో నిమిషంన్నర దగ్గర ఉన్నాడేంటి? ఆయన్ని ముందుకు తీసుకురా" అంది. ఒక్కో షాటు తీసేస్తుంటే ఒక్కో సెమిస్టరు చెరిపేస్తున్నట్టు అనిపించింది. మిగిలింది యాభై రెండు సెకన్లు. కాగితం మీద గీసిన హమాలీ షాటును అక్టోబరులో మూడు వారాలు కూర్చుని బ్లెండర్‌లో మళ్లీ చేశాను, మలక్‌పేట వీడియోలు దాచుకోవడం అప్పుడు పనికొచ్చింది.

కొత్త రీలుతో పంపిన పన్నెండు దరఖాస్తులకు నాలుగు జవాబులు వచ్చాయి. నవంబరు 10న ఒక స్టూడియో ఏడు రోజుల పరీక్ష ఇచ్చింది, 19న పిలిచారు. ఇద్దరు కూర్చున్నారు. డిగ్రీ ఎక్కడ చదివానో కూడా అడగకుండా రీలు పెట్టి, మూట షాటు దగ్గర ఆపి, "దించేశాక ఈ మూడడుగులు ఎందుకు వేయించారు?" అని అడిగారు. మార్కెట్టు సంగతి చెప్పాను. ఆ తాత నడుము మీద చెయ్యి వేసుకునే తీరు లేచి నిలబడి చేసి చూపించాను. తెల్లారి వస్తుందన్న జవాబు రావడానికి పదమూడు రోజులు పట్టింది. ఆ పదమూడు రోజులూ ఫోను మోగితే చాలు గుండె జారిపోయేది.

మొదటి ఆరు నెలలు జీతం పద్దెనిమిది వేలు. చదువు ముగిసిన ఏడాదికి, అంటే 2026 వేసవిలో, రుణం వాయిదాలు మొదలవుతాయి. చదువుకున్నన్నాళ్లూ పడిన వడ్డీ కలిపితే నెలకు పదివేల మూడు వందలు దాటుతుందని బ్యాంకులో చెప్పారు. చదువుతుండగానే వడ్డీ మాత్రమైనా నెలనెలా కట్టుకునే వీలుందని నాకు మూడో ఏడాదిలో తెలిసింది, అప్పటికి కట్టే స్తోమత లేదు. ఉన్నవాళ్లు కట్టుకోండి.

నాకు ఇచ్చిన మొదటి షాటు 62 ఫ్రేములు. విదేశీ టీవీ సీరియల్‌లో వెనక వరుసలో ఒక కుర్రాడు నీళ్ల బకెట్టు ఎత్తి పక్కకు పెడతాడు, అంతే. నాలుగుసార్లు తిప్పి పంపి, ఐదోసారి, డిసెంబరు 24న ఒప్పుకున్నారు. ఎక్కడా చూపకూడదని, ఏ కార్యక్రమమో చెప్పకూడదని మొదటి రోజే ఒప్పందం మీద సంతకం చేయించుకున్నారు. అది ప్రసారమయ్యేదాకా నా రీలులో కూడా పెట్టుకోకూడదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. అమ్మ పండగ జాకెట్ల మధ్య కూర్చుని ఉంది. "ఏదీ, నువ్వు చేసింది చూపించు" అంది. చూపించకూడదమ్మా అంటే నమ్మలేదు. నాలుగేళ్లు చదివి, ఉద్యోగంలో చేరి, అమ్మకు కూడా చూపించకూడని పని ఏమిటని నాన్న కూడా అడిగారు. చివరికి పెరట్లోంచి ఖాళీ బకెట్టు తెచ్చి, గది మధ్యలో నిలబడి, ఆ కుర్రాడు ఎత్తినట్టే ఎత్తి, ఒక పక్కకు ఒరిగి, రెండో చెయ్యి దూరంగా చాచి, రెండడుగులు వేసి దించాను. అమ్మ మిషను ఆపి చూసింది.

"అంత నిండా పోశావేంటే, నడుం పట్టేస్తుంది" అంది.